కనికట్టులోని న్యాయము

జంషెడ్‌పూరు నగరములోని సిద్ధగోరా వంటి పేటలలో తెలుగుమాట, హిందీమాట ఒకే గడప దాటుతూ ఉంటవి. ఉక్కు కర్మాగారమును నమ్ముకొని వలసవచ్చిన తెలుగు కుటుంబములవారికి గారడీవాని విద్య ఇంటిలో కనికట్టు. వీధిలో జాదూ, కొంచెము పాతకాలపు నోట నజర్‌బందీ. కనికట్టు, నజర్‌బందీ అను రెండు పదముల పోకడ ఒక్కటే. ఒకటి కన్నును కట్టుట, రెండవది చూపును బంధించుట. అయితే తెలుగు పదమునకు లేని అర్థము హిందీ పదమునకు మరియొకటి ఉన్నది. ప్రభుత్వము ఒక మనిషిని విచారణ లేకుండ ఇంటిలోనే ఉంచి కాపలా పెట్టినచో దానికిని నజర్‌బందీ అనియే పేరు. గారడీవాడు చూపును కట్టివేయును. రాజు చూపుతో కట్టివేయును. ఈ ఇద్దరూ ఒకే కథలో ఎదురుపడినప్పుడు ఏ కట్టు న్యాయమైనది, ఏది కాదు అన్న ప్రశ్న తప్పక పుట్టుకొని వస్తుంది.

2006లో విడుదలైన 'ది ఇల్యూషనిస్ట్' అను ఆంగ్ల చలనచిత్రము అట్టి కథయే. స్టీవెన్ మిల్‌హాసర్ రచించిన కథ ఆధారముగా నీల్ బర్గర్ దానికి దర్శకత్వము వహించినాడు. పంతొమ్మిదవ శతాబ్ది తుదినాళ్ళ వియన్నా నగరము. వడ్రంగి ఇంట పుట్టి ఐంద్రజాలికుడుగా పేరు తెచ్చుకొన్న ఐసెన్‌హైమ్. చిన్ననాడే అతనికి మనసిచ్చిన ప్రభువంశపు కన్య సోఫీ. ఆమెను పెండ్లాడి, హంగరీ బలము కూడగట్టుకొని, కన్నతండ్రిని సింహాసనమునుండి దింపదలచిన యువరాజు లియోపోల్డ్. యువరాజు కల్పితుడే. కాని 1889 జనవరిలో ఆస్ట్రియా యువరాజు రుడోల్ఫ్ మేయర్లింగ్ వేటవిడిదిలో ఒక యువతితోపాటు మృతుడైన ఉదంతపు నీడ అతనిపై పడియున్నది.

ఒకనాటి రాత్రి సోఫీ యువరాజు విడిదినుండి పారిపోవును; తరువాత ఆమె దేహము నీటిలో కనిపించును. నాటినుండి ఐసెన్‌హైమ్ ప్రదర్శనలలో మృతుల ఛాయలు వేదికపై నిలుచును. తుదకు సోఫీ ఛాయ కూడ నిలుచును. ప్రజలు యువరాజునే హంతకుడని నమ్మినారు. అంతవరకు అతని ఆజ్ఞకు బద్ధుడైయున్న పోలీసు అధికారి ఊల్ సాక్ష్యము వెదకి, యువరాజు కుట్రను చక్రవర్తికి తెలియజేసినాడు. లియోపోల్డ్ తనను తాను కాల్చుకొని చనిపోయినాడు. చిట్టచివర రైలు స్టేషనులో నిలుచున్న ఊల్ మనసునకు సర్వమూ ఒక్కసారిగా తట్టును: సోఫీ చావలేదు, చావు కూడ ఒక ప్రదర్శనమే. అతడు నవ్వును. ప్రేక్షకుడును అతనితో కూడ నవ్వును.

ఆ నవ్వు దగ్గర ఒక్క క్షణము ఆగవలసియున్నది. లియోపోల్డ్ పై నేరములు రెండు. కుట్ర నిజము, హత్య అబద్ధము. కుట్ర నిజమే గనుక శిక్ష తగినదేనని చిత్రము పక్షమున వాదింపవచ్చును. వాదము బలహీనమైనదేమీ కాదు. కాని తాను గద్దెనెక్కిన నాడు ఊల్‌కు గొప్ప పదవి దక్కగలదని యువరాజు ముందుగనే ఆశపెట్టియున్నాడు. అనగా నిజమైన నేరము ఆ అధికారికి తెలియనిది కాదు, తెలిసియే ఊరకున్నాడు. జరిగిన నేరము కదల్పలేని మనిషిని జరుగని నేరము కదల్చినది. దీనిని ఐంద్రజాలికుని ప్రజ్ఞ అనవచ్చును, ఆ నగరపు దౌర్భాగ్యము అనియు అనవచ్చును.

ఇంతకంటె బాధాకరమైనది మరియొకటి. యువరాజు ఆడువారిని కొట్టుననియు, ఒక స్త్రీ అతని చేతిలో మేడమీదినుండి పడి చనిపోయినదనియు చిత్రములో ఒక పుకారు వినబడును. ఆమెకు కథలో పేరు లేదు. ఆమె విషయమై ఎవ్వరును విచారణ జరుపలేదు. ఆమె ఛాయను వేదికమీదికి ఎవ్వరును పిలువలేదు. చావని సోఫీకొరకు వీథులలోనికి వచ్చిన జనము చచ్చినదని చెప్పుకొను ఆమెకొరకు రాలేదు.

వేదికమీది అబద్ధములో తప్పులేదని అందరును ఒప్పుకొందురు. టిక్కెట్టు కొన్నవాడు మోసపోవుటకే కొన్నాడు. తెర దిగగానే కట్టు విప్పుకొని ఇంటికి పోవును. చూచువాని సమ్మతి ఒకటి, ఆటకు ముగింపు ఒకటి, ఈ రెండే గారడీవాని అబద్ధమును నిర్దోషము చేయుచున్నవి. అయితే కట్టు విప్పినంత మాత్రమున అన్నియు సరిపడునా అన్నచో, చరిత్ర అంత సులభముగా ఒప్పుకొనదు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వము రాబర్ట్ హూడిన్ అను ప్రసిద్ధ ఐంద్రజాలికుని అల్జీరియాకు పంపినది. అచ్చటి మరబూతులు, అనగా ప్రజలపై పలుకుబడిగల ముస్లిం సాధువులు, తిరుగుబాటును ప్రోత్సహింతురని పాలకుల భయము. వారి మహిమలకంటె ఫ్రెంచివాని మహిమ పెద్దదని చూపవలెను. హూడిన్ ఒక చిన్న పెట్టెను వేదికపై ఉంచినాడు. కండలు తిరిగిన యువకుడు దానిని ఒకసారి అవలీలగా ఎత్తినాడు, మరల ఎత్తబోయి కదల్పలేకపోయినాడు. వేదిక క్రింద విద్యుదయస్కాంతము పనిచేయుచున్నది. అటుతరువాత ఇది మంత్రముకాదు, నేర్పు మాత్రమేనని దుబాసీలచేత చెప్పించినట్లు హూడిన్ తానే వ్రాసికొన్నాడు. కట్టు విప్పినాడు, నిజమే. కాని సైన్యము చేయు పనికి ఆ ఆట సాయపడవలెనన్న ఉద్దేశము మాత్రము మారలేదు. చూడవచ్చినవారు వినోదమునకు సమ్మతించినారు. తమ లొంగుబాటునకు సమ్మతింపలేదు.

ఇట్టి ప్రయోగమునకు ఐరోపా దాక పోనక్కరలేదు. భయపెట్టి బొక్కసము నింపుకొనుటకు చెట్టుమీద దయ్యమును, నూతిలో పలు తలల పామును కల్పించి చూపవచ్చునని కౌటిల్యుని అర్థశాస్త్రము ఏ సంకోచము లేకుండ చెప్పుచున్నది. ఏడవ శతాబ్దిలో శ్రీహర్షుడు రచించిన 'రత్నావళి' నాటికలోనైతే ఐంద్రజాలికుడు, ప్రణయము, రాజనీతి ముప్పేటగా అల్లుకొన్నవి. సింహళ రాజకుమారిని పెండ్లాడినవాడు సార్వభౌముడగునని సిద్ధుని వాక్కు. మంత్రి యౌగంధరాయణుడు వత్సరాజునకు ఆమెను కోరినాడు. రాణి వాసవదత్తకు కష్టము కలుగునని సింహళేశ్వరుడు ఒప్పుకొనలేదు. వెంటనే వాసవదత్త లావాణకములో అగ్నికి ఆహుతియైనదని మంత్రి వార్త పుట్టించినాడు. ఓడ పగిలి, ఒడ్డుకు చేరిన రాకుమారిని సాగరిక అను పేర రాణి పరిచారికగా ఉంచినాడు. రాజు ఆమెను ప్రేమించినాడు. రాణి తెలిసికొని అంతఃపురములో సంకెళ్ళు వేయించినది.

నాలుగవ అంకములో ఉజ్జయినినుండి వచ్చిన ఐంద్రజాలికుడు రాజునకు ఆకాశమున దేవతలను చూపును. తాను చూపవలసినది ఇంకొకటి మిగిలియున్నదని చెప్పి పోవును. అంతలో అంతఃపురము మండిపోవుచున్నదని కేకలు. వాసవదత్త నిలువలేక, లోపల సాగరిక సంకెళ్ళతో ఉన్నదని తానే చెప్పివేయును. రాజు మంటలలోనికి దూకును. మంటలు మాయమగును. ఒక నజర్‌బందీ మరియొక నజర్‌బందీని విప్పినది! తెలుగున ఈ చమత్కారము పలుకదు. కనికట్టుకు సంకెళ్ళ అర్థము పట్టదు.

అబద్ధపు మంట నిజమును బయటపెట్టిన మాట వాస్తవము. వియన్నాలోను అబద్ధపు చావు కుట్రను బయటపెట్టినది. రెండు కథలకును నడుమ తేడా ఆ తరువాత ఉన్నది. యౌగంధరాయణుడు రంగము మీదికి వచ్చునప్పటికి పని ఫలించియే ఉన్నది. అయినను అతనికి ముఖము చూపుటకు సిగ్గు. తన మాటమీద రాణి ఒకప్పుడు భర్తృవియోగమును సహించినదనియు, ఇప్పుడు సవతిని తెచ్చి మరల ఆమెను నొప్పించితిననియు అతనికి తెలియును. ప్రభువునకు చెప్పకుండ చేసినందుకు క్షమాపణ వేడినాడు. ఫలితము మంచిదైనంతమాత్రమున చెప్పకుండ చేయుట మంచిదైపోదని ఆ మంత్రికి తోచుట నాటికలోని గొప్ప. అయితే క్షమాపణ రాజునకు దక్కినది. రాణికి సాగరిక తన బంధువే అన్న ఓదార్పు దక్కినది. ఇందులో శ్రీహర్షుడు కొంత తొందరపడినాడనియే చెప్పవలెను.

తెలుగు ప్రేక్షకునకు ఉజ్జయిని అనగానే 1951 నాటి 'పాతాళభైరవి' మనసులో మెదలుట సహజము. ఆ చిత్రములో మాంత్రికుని శక్తి కథలో నిజమైన శక్తియే గనుక ఈ చిక్కు అంతగా లేదు. నాయకుని స్నేహితుడు అంజి శిష్యుని వేషమున వచ్చి మాంత్రికునిచేత గడ్డము తీయించుట మోసమే. కాని మాంత్రికుడు చేయని పాపమును అతని నెత్తిన ఎవ్వరును మోపలేదు. చేసినవానికే దెబ్బ తగిలినది.

ఐసెన్‌హైమ్ ఎవ్వరిని క్షమాపణ వేడలేదు. ఊల్ చేతికి నారింజ చెట్టు ఆట రహస్యముగల పుస్తకము పంపినాడు. అది ఒక విద్యావంతుడు మరొక రసికునకు ఇచ్చిన బహుమానము. కొండల నడుమ ఇంటిలో సోఫీ అతనికొరకు ఎదురుచూచుచున్నది. వియన్నాలో మాత్రము కట్టు విప్పువారు లేరు. ఆ ఊరివారు సోఫీ మరణమునకు న్యాయము జరిగినదనియే నమ్మియుందురు. మేడమీదినుండి పడిన ఆమె పేరు అడుగుటకు ఇక వారికి కారణము లేదు.