అత్తసొమ్ము, అల్లుడి దానం

ప్రోగ్రామర్లు తమ పనిముట్లను తిట్టుకోవడం కొత్తేమీ కాదు. ఈమ్యాక్స్ అనే ఎడిటర్ పేరులోని ఒక్కో అక్షరాన్నీ విడదీసి, ఎనిమిది మెగాబైట్లు తినేసి కూడా చాలక డిస్కు మీద పడుతుందనే అర్థం వచ్చేలా వెటకారంగా చెప్పుకునేవాళ్ళు. ఎనిమిది మెగాబైట్లు అప్పట్లో తిట్టు. ఇప్పుడు ఫోన్లో తీసిన రెండు మూడు ఫొటోలే అంత ఉంటాయి. పాస్కల్ భాషను తయారుచేసిన నిక్లాస్ విర్త్ 1995లో, సాఫ్ట్‌వేర్‌ని కాస్త సన్నబడనివ్వండని మొరపెట్టుకుంటూ ఒక వ్యాసం రాశాడు. హార్డ్‌వేర్ వేగం పెరిగేదానికంటే తొందరగా సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోందన్నది ఆయన బాధ. దాదాపు ముప్ఫై ఏళ్ళు గడిచాయి. బాధ అలాగే ఉంది, అంకెలే మారాయి.

కాబట్టి "అబ్బా, ఎంత స్లో!" అనే ఫిర్యాదు మళ్ళీ చేయను. నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరు. ఇందులో నైతికంగా తప్పేమైనా ఉందా, లేక ఇదంతా ఉత్త చికాకేనా?

తప్పేం లేదనేవాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఎలక్ట్రాన్‌తో కట్టిన ప్రతి అప్లికేషనూ తనతోపాటు ఒక క్రోమియం బ్రౌజర్ని మోసుకొస్తుంది. బరువే, కాదనం. కానీ ఆ బరువు మోయడం వల్లనే ఒకే కోడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. చిన్న టీము కూడా మంచి ఎడిటర్ రాసి, జనానికి ఉచితంగా ఇవ్వగలుగుతుంది. మెమరీ కొంటే దొరుకుతుంది, ప్రోగ్రామర్ సమయం దొరకదు అంటారు. పైగా దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచడమేం మర్యాద?

అంతా బానే ఉంది కానీ, కొంటే దొరికే ఆ మెమరీని కొనేదెవరు? ఆదా అయ్యేది తయారుచేసేవాళ్ళ సమయం, ఖర్చయ్యేది వాడేవాళ్ళ ర్యామ్. దీనికి మన దగ్గర పాత మాటే ఉంది: అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం. అల్లుడు దుర్మార్గుడు కానక్కర్లేదు. ఖర్చు తన పద్దులో పడదు, అంతే.

మా పిన్ని కూతురు నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదువుతోంది. దాని ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4 జీబీ ర్యామ్. కాలేజీలో చెప్పిన ఎడిటర్, దానికి రెండు మూడు ఎక్స్‌టెన్షన్లు, పక్కన బ్రౌజర్లో పాఠం వీడియో. ఇక చూడు, అక్షరం కొడితే తెర మీదకు రావడానికి ముహూర్తం చూసుకోవాలి. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, నేనే ఏదో తప్పు నొక్కుతున్నట్టున్నాను. నాకు కోడింగ్ పడదేమో" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పనిముట్టు మొరాయిస్తే అనుభవమున్నవాడు పనిముట్టుని తిడతాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తమనే తిట్టుకుంటారు. ఆ ఎడిటర్ తీసుకున్నది ఒట్టి మెగాబైట్లనేనా?

మరి దోషి ఎవరు? ఇక్కడే చిక్కు. డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో ఒక ఊహ చేస్తాడు. వెయ్యిమంది హింసకులు, వెయ్యిమంది బాధితులు. ఒక్కో హింసకుడు ఒక్కో మీట నొక్కుతాడు. ఆ ఒక్క నొక్కుతో వెయ్యిమందికీ నొప్పి పెరుగుతుంది, కానీ పెరిగినట్టు ఎవరికీ తెలియనంత కొంచెం. వెయ్యి నొక్కులూ అయ్యేసరికి అందరికీ భరించలేని నరకం. "నేను ఎవరినీ బాధపెట్టలేదు" అని ప్రతివాడూ అనొచ్చు. పార్ఫిట్ ఒప్పుకోడు. ఒక పని విడిగా ఏ తేడా చూపించకపోయినా, కలిసి హాని చేసే పనుల్లో అదీ ఒకటైనందువల్లే తప్పు కావచ్చంటాడు.

పనిముట్లు చేసేవాళ్ళు హింసకులు కారు. వాళ్ళు కోరుకునేది మన మేలే. ఆ తేడా చిన్నది కాదు. కానీ లెక్క మాత్రం అదే. ఎడిటర్, భాష సర్వర్, చాట్ అప్లికేషన్, బ్రౌజర్, కంటెయినర్లు... ఏ ఒక్కదాన్ని నిలదీసినా "నేను తీసుకున్నది కొంచెమే" అంటుంది. విడిగా చూస్తే నిజమే. మెషీన్ మొత్తం తనదే అన్నట్టు ప్రతిదీ ఒంటరిగా టెస్ట్ పాసవుతుంది. అన్నీ కలిసి కాపురం చేయాల్సింది మాత్రం వేరేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో.

అందుకని వృథా చేయడమే పాపం అనను. మన సొంత మెషీన్లో మన మెమరీని ఎలా తగలేసుకున్నా అది మన ఇష్టం. నిర్ణయించేది ఒకరు, చెల్లించేది ఇంకొకరు అయినప్పుడే అది నైతిక ప్రశ్న అవుతుంది. చెల్లించేవాళ్ళకి అడిగే నోరు లేకపోతే మరీను. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన ఆ ప్రశ్న తీరదు. పళ్ళు ఎంచొద్దంటే ఎంచను. కానీ ఆ ఆవు మేసేది ఎవరి చేనో అడగొచ్చు కదా.

మా టీము ఆఫీసులో వాడుకునే పనిముట్లే తయారుచేస్తుంది. అందరి దగ్గరా 32 జీబీ మెషీన్లు. స్టోర్‌రూమ్‌లో పడున్న ఒక 8 జీబీ ల్యాప్‌టాప్ తెప్పించి బల్ల మీద పెట్టించాను. రిలీజ్‌కి ముందు మా పనిముట్టు దాని మీద నడవాలి. అదీ ఒంటరిగా కాదు, బ్రౌజరూ చాటూ ఎడిటరూ అన్నీ తెరిచిపెట్టి. ఇద్దరు ముగ్గురు గొణిగారు. గొణగనీ. ఆ నాలుగు నిమిషాల చికాకు ముందు మన దగ్గరకి రావడమే న్యాయం.