మద్యానికి వయోపరిమితి: మనం సంతకం చేయవచ్చా?

కొన్ని నెలల క్రితం ఎల్లారెడ్డిలో జుమా నమాజు ముగించుకొని మేము మస్జిద్ మెట్లు దిగుతుండగా, దగ్గరి పల్లెకు చెందిన మహిళా సంఘం సభ్యులు నలుగురు బయట నిలబడి కనిపించారు. వారి చేతిలో ఒక వినతిపత్రం ఉంది. ఊళ్ళోని బెల్టుషాపును మూయించాలనీ, మద్యం కొనడానికి కనీస వయసును 21 నుంచి 25 సంవత్సరాలకు పెంచాలనీ అందులో రాసుకున్నారు.

"మౌల్సాబ్, మీ మజీదోళ్ళు గూడ సంతకాలు పెడితె మాకు బలమైతది" అన్నది వారిలో పెద్దావిడ. పందొమ్మిదేండ్ల కొడుకు ఇంటర్ మధ్యలో మానేసి పొద్దుగూకితే బెల్టుషాపు దగ్గరే ఉంటున్నాడని చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మేము కలం తీసేలోపే నమాజీల్లో ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. "హజ్రత్, మద్యం ఏ వయసులోనైనా హరామే కదా! 25 తర్వాత అమ్మండి అనే కాగితం మీద మనం సంతకం చేస్తే, 25 తర్వాత తాగవచ్చని మనమే ఒప్పుకున్నట్లు కాదా?" అని అడిగారు. ఆయన మాటలో ధర్మాభిమానం ఉంది. ఆ తల్లి కన్నీటిలో నిజం ఉంది. వచ్చే జుమాకు జవాబు చెబుతామని మేము ఇద్దరికీ మాట ఇచ్చాము. ఆ జవాబునే పాఠకుల ముందుంచుతున్నాము.

చట్టం గీసిన గీత

మన తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మడం నేరం. పక్కనున్న మహారాష్ట్రలో బీరు వంటివాటికి 21, ఘాటైన మద్యానికి 25 ఏళ్ళు నిండాలి. మన కామారెడ్డి జిల్లా మద్నూరులో పెద్దవాడుగా లెక్కకొచ్చే 22 ఏళ్ళ యువకుడు, సరిహద్దు దాటి దెగ్లూరు చేరేసరికి చిన్నవాడైపోతాడన్న మాట! కేరళ 2017లో ఈ వయసును 21 నుంచి 23కు పెంచింది. హర్యానా 2021లో 25 నుంచి 21కి తగ్గించింది. కర్ణాటకలో 2023లో 18కి తగ్గించే ముసాయిదా వచ్చి, విమర్శలు వెల్లువెత్తగానే వెనక్కి వెళ్ళింది. అమెరికా 1984లో చేసిన చట్టం ద్వారా తన రాష్ట్రాలన్నింటినీ 21 దగ్గరకు తెచ్చింది. ఆ తర్వాత అక్కడ రోడ్డు ప్రమాదాల్లో యువకుల మరణాలు తగ్గాయని పరిశోధకులు తేల్చారు. కనుక వయసు పెంచడం వల్ల ప్రయోజనమే లేదని అనడం న్యాయం కాదు.

అయితే మద్యం విషయంలో మనిషి గీసే గీత ఇలా ముందుకూ వెనక్కూ జరుగుతూనే ఉంటుంది. గీత ఒకచోట నిలవకపోవడానికి ఆదాయం ఒక పెద్ద కారణం. 2025లో మన రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీసినప్పుడు, ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 3 లక్షల రూపాయలు. మద్యనిషేధానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రభుత్వాలకు నిర్దేశించింది. ఖజానా మాత్రం వేరే దారి చూపుతోంది.

'ఓటుందిగా, మరి సీసా ఎందుకు వద్దు?'

ఇక్కడ కొందరు యువకులు ఒక ప్రశ్న వేస్తారు. 18 ఏళ్ళకు ఓటు వేయవచ్చు, బండి నడపవచ్చు, సైన్యంలో చేరి ప్రాణాలివ్వవచ్చు. అలాంటివానికి ఏం తాగాలో నిర్ణయించుకునే తెలివి లేదంటారా? ఈ ప్రశ్నను కసిరి పక్కన పెట్టకూడదు. జవాబు చెప్పాలి.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ విషయాన్ని ఎంతో లోతుగా చూసింది. షరీఅత్ లో రెండు మెట్లున్నాయి. మొదటిది బులూగ్, అంటే యుక్తవయసు. దాని సూచనలు కనిపించకపోతే, హనఫీ పండితుల ఫత్వా ప్రకారం చాంద్రమానంలో 15 ఏళ్ళు నిండడమే యుక్తవయసు. అప్పటి నుంచి నమాజు, రోజా, హలాల్, హరామ్ అన్నీ అతని బాధ్యతే. రెండవది రుష్ద్, అంటే మంచిచెడ్డలు తెలిసి నడుచుకునే వివేకం. అనాథలు యుక్తవయసుకు చేరాక, వారిలో ఈ వివేకం కనిపిస్తేనే వారి ఆస్తిని వారికి అప్పగించాలని దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో ఆదేశిస్తోంది. వివేకం కనిపించకపోతే ఎంతకాలం ఆపాలి? 25 ఏళ్ళు వచ్చేవరకు, ఆ తర్వాత అతని ఆస్తిని ఆపరాదని ఇమామె ఆజం అబూహనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. దాదాపు పన్నెండున్నర శతాబ్దాల క్రితం చెప్పిన ఆ 25 అంకె, ఈనాడు ఆ తల్లుల కాగితం మీద కనిపించినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది.

శరీరం ఎదిగినా వివేకం వెనుక రావచ్చునని మన ధర్మశాస్త్రం కూడా అంగీకరిస్తోందని దీనివల్ల తెలుస్తోంది. కాని ఒక తేడా గమనించండి. ఆస్తి స్వతహాగా మంచిది. వాడుకునే తెలివి వచ్చేదాకా దాన్ని ఆపి, తర్వాత ఇస్తారు. ఓటు అలాంటిదే, బండి తాళంచెవీ అలాంటిదే. మద్యం అలాంటి అమానత్ కాదు. బుద్ధి పెరిగేకొద్దీ దాన్ని వాడే అర్హత రాదు, దాన్ని వదిలే శక్తి రావాలి. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో ప్రకటించింది. వయసు అంకెలో దాగి ఉన్న ప్రమాదం ఇదే. 'ఇప్పుడు కాదు, నువ్వు పెద్దయ్యాక' అని చెబితే, సీసా పట్టుకోవడమే పెద్దరికానికి గుర్తు అని కుర్రవాడు నేర్చుకుంటాడు.

మదీనాలో ఒక బాలుడు

ఈ సందర్భంగా హజ్రత్ అనస్ (రజి)ను గుర్తు చేసుకుందాం. మద్యం ఒక్కసారిగా నిషేధించబడలేదు. మొదట బఖరా సూరాలో దాని లాభం కన్నా పాపమే పెద్దదని హెచ్చరిక వచ్చింది. తర్వాత నిసా సూరాలో మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దన్న ఆజ్ఞ వచ్చింది. చివరకు మాయిదా సూరాలో దాన్ని షైతాను పనులలోని అశుద్ధంగా ప్రకటించి, పూర్తిగా దూరముండాలన్న తుది ఆదేశం అవతరించింది.

ఆ చివరి ప్రకటన మదీనా వీధుల్లో వినిపించే సమయానికి, హజ్రత్ అబూతల్హా (రజి) ఇంట్లో పెద్దలు కూర్చొని ఉన్నారు. వారికి మద్యం పోసి అందిస్తున్నది అనస్ (రజి). అక్కడున్నవారిలో తానే చిన్నవాడినని ఆయన స్వయంగా చెప్పుకున్నారు. పదేళ్ళ వయసులో దైవప్రవక్త (స) సేవలో చేరినవారు గనుక, అప్పటికి ఆయన పదమూడు, పద్నాలుగేళ్ళ కుర్రవాడు. ప్రకటన విన్న పెద్దలు వాదించలేదు, కుండలో మిగిలింది తాగేద్దామనలేదు. పారబోయమని అదే బాలునికి చెప్పారు. ఆ రోజు మదీనా వీధుల్లో మద్యం పారింది.

సోదరులారా! బాలుని చేతిలోని పాత్రను అక్కడ దించినవారు పెద్దలు. వారు మానేశారు, బాలుడు బయటపడ్డాడు. ఆ తర్వాత మద్యం కారణంగా దైవప్రవక్త (స) పది మందిని శపించారన్న హదీసును మనకు చేరవేసినవారిలో ఈ అనస్ (రజి) ఒకరు. తయారుచేసేవాడు, చేయించుకునేవాడు, తాగేవాడు, మోసేవాడు, ఎవరి కోసం మోస్తారో వాడు, పోసేవాడు, అమ్మేవాడు, దాని సొమ్ము తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో వాడు. చట్టం కొనేవాని వయసు అడుగుతోంది. ఈ హదీసు చుట్టూ ఉన్న పది మందినీ లేపి నిలబెడుతోంది.

మేము ఇచ్చిన జవాబు

తర్వాతి జుమాకు మేము ఆ కాగితం మీద సంతకం చేశాము. పెద్దాయనకు ఇలా విన్నవించాము. రెండు కీడులు ఎదురైనప్పుడు పెద్దదాన్ని తగ్గించడం షరీఅత్ సూత్రమే. 21 ఏళ్ళవానికి అమ్మకం ఆపమనడం, 25 ఏళ్ళవానికి అమ్మమనడం కాదు. క్రమక్రమంగా అన్న మాట మాత్రం విశ్వాసి తనకోసం వాడుకోరాదు. మనకు తుది ఆదేశం ఎప్పుడో వచ్చేసింది. ఇక సోదర సమాజంతో కలిసి పనిచేయడం సంగతి: బాధితుల పక్షాన నిలవడానికి మక్కాలో జరిగిన హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందంలో మన ప్రవక్త (స) ప్రవక్తృత్వానికి ముందు పాల్గొన్నారు. తర్వాత కూడా అలాంటిదానికి పిలిస్తే వస్తానన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించాక రాజుకున్న ఉద్యమం వల్లనే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే, 1997లో ఆ నిషేధం సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. ఆ స్త్రీల మాట ఇంకా నిలిచి ఉంది.

అయితే సంతకంతో మన పని తీరిపోదు. ఆ సాయంత్రమే లింగంపేట మీదుగా కామారెడ్డికి తిరిగి వస్తూ, దారిలో ఒక ఊరి కిరాణా కొట్టు దగ్గర ఒక పిల్లవాణ్ణి చూశాము. పన్నెండేళ్ళకు మించవు. పాత పేపరులో చుట్టిన సీసాను రెండు చేతులా పట్టుకొని, కింద పడితే నాన్న కొడతాడన్నంత జాగ్రత్తగా ఇంటికి నడుస్తున్నాడు. బెల్టుషాపువాడు వాని వయసు అడగలేదు. 21 అయినా, 25 అయినా అడిగేవాడు కాదు. వానికి అప్పటికే పెట్టెడు పాఠం అందింది, అందించినవాడు తండ్రి.

యుక్తవయసు రాని పిల్లల మీద పాపం రాయబడదని దైవప్రవక్త (స) తెలిపారు. మరి ఆ నడకలోని పాపం ఎవరి లెక్కలోకి వెళుతుంది? పంపినవాని లెక్కలోకి, అమ్మినవాని లెక్కలోకి. మనలో కొందరు తాగరు. కాని వైన్ షాపుకు మడిగె అద్దెకిస్తారు, ఆటోలో పెట్టెలు చేరవేస్తారు, పెళ్ళిలో స్నేహితుల కోసమని వెనుక గదిలో ఏర్పాటు చేస్తారు. 'మేము ముట్టలేదు కదా' అంటారు. ఆ పది మందిలో తాగేవాడు ఒక్కడే! మిగతా తొమ్మిది చోట్లలో మనమెక్కడైనా ఉన్నామా అని ప్రతి ఒక్కరూ ఈ రాత్రి ఇషా తర్వాత కాసేపు ఆలోచించాలి. సందేహముంటే ఉలమాలను అడిగి తెలుసుకోవాలి.

ఆ తల్లి కొడుకు కోసం మేము ఒకసారి వాళ్ళ ఊరికి వెళ్ళి వచ్చాము. మళ్ళీ వెళతాము. అల్లాహ్ మన ఇళ్ళలోని పెద్దలకు అబూతల్హా (రజి) ఇంటి పెద్దల విధేయతను, మన పిల్లలకు ఖాళీ అయిన చేతులను ప్రసాదించుగాక! ఆమీన్.