ఏమరుపాటే మృత్యువు

నిద్ర పట్టని రాత్రి ధృతరాష్ట్రుడు సనత్సుజాతుణ్ణి ఒక సందేహం అడుగుతాడు. మృత్యువే లేదని మీరు బోధిస్తారట, దేవతలేమో మృత్యువును గెలవడానికి బ్రహ్మచర్యం పాటించారట, ఇందులో ఏది నిజం? మహాభారతం ఉద్యోగపర్వంలో ఆ మహర్షి ఇచ్చిన జవాబు సారం ఇది: ఏమరుపాటే మృత్యువు, మెలకువే అమృతం. ఆయన చెప్పింది ఆత్మను గురించి. ఆ ఆత్మ కొలువున్న దేహానికీ, అందులోనూ మధుమేహం ఉన్న దేహానికీ, ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.

‘‘నాకేంటండీ, శుభ్రంగా ఉన్నాను. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది. షుగర్ ఎక్కువుంటే ఆ మాత్రం తెలియదా అండీ?’’ అంబాజీపేట చుట్టుపక్కల ఏ అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. నిజానికి చాలామందికి తెలియదు. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా మూత్రపిండాలు దాన్ని వడగట్టి తిరిగి రక్తంలోకే పంపేస్తాయి. అది దాటాకే మూత్రంలో చక్కెర పడేది, అతిమూత్రం, అతిదాహం మొదలయ్యేది. వయసు మళ్ళినవారిలో ఈ హద్దు ఇంకా పైకి జరుగుతుంది. పైగా ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా పెరిగిన చక్కెరకు ఒళ్ళు అలవాటు పడిపోతుంది. మనిషి హుషారుగానే తిరుగుతుంటాడు. లోపల మాత్రం కంటి రెటీనా, కిడ్నీలు, పాదాల నరాలు దెబ్బతింటూ ఉంటాయి.

అంబాజీపేట కొబ్బరి పండించే సీమ. కాయలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. చెవి దగ్గర పెట్టి ఆడిస్తేనే ఏది కురిడీ అయిందో తెలుస్తుంది. దేహం సంగతీ అంతే, పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభలెక్కి వస్తారు. శరభా శరభా అంటూ, ప్రభను భుజాన మోస్తూ పచ్చని చేలలోంచి, కౌశిక నది నీళ్ళలోంచి నడిచే ఆ పాదాలను చూసి చేతులు జోడించని వారుండరు. ఆ నడిచేవారిలో మధుమేహం ఉన్నవారూ ఉంటారు. నరాలు మొద్దుబారిన కాలికి ముల్లు దిగినా, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే పుండు ముదిరి కాలికే ముప్పు తెస్తుంది. ఇంటికి రాగానే కాళ్ళు కడిగి, పొడిగా తుడిచి, వేళ్ళ సందులూ అరికాళ్ళూ వెలుతురులో చూసుకోవాలి. చూపు ఆనకపోతే పిల్లల చేత చూపించుకోవాలి. కాళ్ళలో స్పర్శ తగ్గిందని వైద్యులు చెప్పినవారు చెప్పుల్లేకుండా నడవకూడదు. స్వామికి ఆ పాదాలు పదిలంగా ఉండటమే ఇష్టం.

కాళిదాసు కుమారసంభవంలో తపస్సు చేస్తున్న పార్వతి దగ్గరికి శివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. నీ శక్తికి తగినంతే తపస్సు చేస్తున్నావా అని అడుగుతాడు, ధర్మాన్ని సాధించడానికి మొట్టమొదటి పనిముట్టు శరీరమేనని గుర్తు చేస్తాడు. ఉగ్రతపస్సులో ఉన్న జగన్మాతకే ఆ హెచ్చరిక అవసరమైతే, మనమెంత?

‘ప్రసాదానికి షుగరేమిటి’ అని దోసిలి పట్టేవారున్నారు. కళ్ళకద్దుకుని ఒక్క మెతుకు నోట్లో వేసుకున్నా ప్రసాదఫలం పూర్ణమే. అలాగే కార్తీకంలో ఉపవాసం పేరుతో మందులు తామే మానేసేవారున్నారు, మాత్ర వేసుకుని పస్తుండేవారూ ఉన్నారు. మానేస్తే చక్కెర పైకెగురుతుంది. కొన్ని మందులు వేసుకుని పస్తుంటే ప్రమాదకరంగా పడిపోతుంది. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో భగవానుడు ఎప్పుడో చెప్పాడు. ఉపవాసానికి ముందు వైద్యుణ్ణి అడగటం భక్తికి లోటు కాదు.

2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో మధుమేహులు 10.1 కోట్లని అంచనా వేసింది. పరగడుపున రక్తంలో చక్కెర 126 మిల్లీగ్రాములు, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహమే. లక్షణాలు లేనివారికి మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఇప్పటికే మందులు వాడుతున్న చాలామందికి హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంచాలని వైద్యులు లక్ష్యం పెడతారు. ఏడాదికోసారి కళ్ళు, కిడ్నీలు, పాదాలు చూపించుకోవాలి.

అంకె ఎక్కువ వచ్చిందని కుంగిపోనక్కర్లేదు. తిండి, నడక, మందులతో దాన్ని దారికి తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. ఒళ్ళు బాగానే ఉందన్న ధీమాతో పరీక్ష వాయిదా వేస్తున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఈ వారమే దగ్గరుండి తీసుకెళ్ళండి. అదీ శివారాధనే.