మైనాకుడి పిలుపు

సముద్రం దాటుతున్న హనుమంతుడి ముందు మైనాక పర్వతం పైకి లేచింది. కాసేపు ఆగి, కందమూలాలు ఆరగించి, అలసట తీర్చుకొని వెళ్లమని పిలవడానికే లేచింది. స్వామి మాత్రం మొదట దాన్ని అడ్డంకి అనుకున్నాడు. రొమ్ముతో ఒక్క తోపు తోశాడు. సుందరకాండ పారాయణలో తర్వాత దారికి అడ్డుపడే సురస, సింహికల కోసం ఎదురుచూస్తూ ఈ ఘట్టాన్ని మనం తొందరగా దాటేస్తుంటాం. బీచుపల్లి ఆంజనేయుడి సన్నిధిలో కూర్చుంటే నాకు మొదట గుర్తొచ్చేది మాత్రం ఇదే.

కృష్ణ ఒడ్డున, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది ఈ గుడి. స్వామిని వ్యాసరాయలు ప్రతిష్ఠించారని ఇక్కడివాళ్ల నమ్మకం. హైదరాబాద్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు. సైకిలు మీద తెల్లవారకముందే బయల్దేరితే పొద్దు వాలే వేళకు చేరొచ్చు. ఆషాఢంలో అయితే దక్షిణానికి పోయేవాడికి గాలి ఎదురే. పెబ్బేరు దాటేసరికి కళ్లకు ఊళ్లు కనపడవు, మైలురాళ్లే కనపడతాయి.

అలాంటి ఒక సాయంత్రం ఎర్రవల్లి చౌరస్తా దాటాక నీళ్ల కోసం ఒక ఇంటి ముందు ఆగాను.

"యాడికి నాయినా, ఈ గాలిలో? దిగు. కాళ్లు కడుక్కో" అంది ఆ ఇంటి పెద్దమ్మ.

రాత్రికి కర్నూలు చేరాలన్నాను. ఆమె వినిపించుకోలేదు. పొయ్యి మీద పెనం పెట్టి, జొన్నపిండి ముద్దను అరచేత్తో తడుతూ తిప్పింది. రొట్టె చంద్రవంకలా కాదు, నిండు పున్నమిలా వచ్చింది, అంచు ఎక్కడా పగల్లేదు. పెనం మీద వేసి, పైన నీళ్లచెయ్యి అద్దింది. పుంటికూర పప్పు, పల్లీల పొడి. తిన్నాక వాకిట్లో మంచం వాల్చింది.

ఎందుకమ్మా ఇంత శ్రమ అంటే, "మా ఊరు వరదకు మునిగినప్పుడు మాకు ఎవరో బువ్వ పెట్టిరి. వాళ్లను యాడ ఎతికేది? నువ్వు తిను" అంది.

2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి ఈ నడిగడ్డ పల్లెలు ఎన్నింటినో ముంచేశాయి. ఆ రోజుల అన్నం ఆమె ఇంకా మరచిపోలేదు.

మైనాకుడిదీ ఇదే రుణం. ఇంద్రుడు పర్వతాల రెక్కలు నరుకుతున్నప్పుడు వాయుదేవుడు అతన్ని సముద్రంలో పడేసి కాపాడాడు. ఆ మేలు వాయువుకు తీర్చే దారి లేక, ఆయన కొడుకు హనుమంతుడు పోతుంటే పైకి లేచాడు. ఇంద్రుడికి భయపడి నీళ్లలో దాగినవాడు, బాటసారికి నీడ ఇద్దామని సముద్రుడి మాట మీద బయటపడ్డాడు. అది చూసి సాక్షాత్తూ ఇంద్రుడే అభయమిచ్చాడు.

స్వామి మాత్రం ఆగలేదు. ఆదరంగా చేత్తో తాకి సాగిపోయాడు. ఆయన రాముడి పని మీద ఉన్నాడు, మధ్యలో ఆగనని మాట ఇచ్చి ఉన్నాడు. సైకిలు తొక్కేవాడికి అలాంటి మాట ఏముంది? కిలోమీటర్ల లెక్క తప్ప! అందుకే ఆ రాత్రి నేను అక్కడే పడుకున్నాను.

బీచుపల్లి ఆంజనేయా, ఈ రోజు దారిలో ఎవరైనా నన్ను దిగమంటే దిగే బుద్ధినివ్వు. ఆ తల్లికి నేను తిరిగి పెట్టగలిగింది ఏమీ లేదు. నా గుమ్మం ముందు నీళ్లడిగి ఆగే మనిషిని పంపించు, పొయ్యి వెలిగిస్తాను.