బిడ్డ పాదం

మా పాప పుట్టినప్పటి నుంచి దాని గురించి రెండు మాటలు వింటున్నాను. "పుట్టంగనే తల్లి పానం మీదికి తెచ్చింది" అనేది ఒకటి. "ఇది కడుపున పడకుంటే నీ గుండెల రోగం బయటపడకపోవు, నిన్ను బతికించిందే ఇది" అనేది రెండోది. మొదటి మాట గొంతు తగ్గించి అన్నారు. రెండోది నా చెయ్యి పట్టుకుని, కళ్లనీళ్లతో అన్నారు. మొదటిది వింటే ఒళ్లు మండింది. రెండోది తియ్యగానే ఉంది. కానీ మంచం మీద పడుకుని ఆలోచించేకొద్దీ రెండూ ఒకటేననిపించింది. రెండూ నా ప్రాణాన్ని తీసుకెళ్లి, ఇంకా మెడ నిలవని పసిగుడ్డు నెత్తిన పెడుతున్నాయి.

జరిగింది వేరు. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే రోజుల్లో, బడికి పోయే వయసులో, నాకు గొంతునొప్పి వచ్చింది. అది తగ్గిన కొన్నాళ్లకు జ్వరం, కీళ్ల నొప్పులు. ఇవాళ మోకాలు వాస్తే రేపు మోచెయ్యి. వాతమన్నారు, నూనె కాచి రాశారు. వాపు దానంతటదే పోయింది, అందరూ మర్చిపోయారు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ మీదికి లేచిన ఒంటి రక్షణే గుండె కవాటాల మీద కూడా తిరగబడుతుందనీ, ఆ కవాటాల అంచులు ఏళ్ల తరబడి అతుక్కుపోతూ గట్టిపడతాయనీ మా ఇంట్లో ఎవరికి తెలుసు? పెనిసిలిన్ అప్పటికే పాతమందు, ఖరీదైనదీ కాదు. ఉన్నవాళ్ల దేశాల్లో ఇళ్లు విశాలమై, గొంతునొప్పికి మందు అందిన కొద్దీ ఈ జబ్బు దాదాపు కనుమరుగైంది. మాలాంటి ఇళ్లలో మిగిలింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద తీర్మానం చేసిందంటే, అంతవరకూ ఎంతమంది దీన్ని వాతమనుకుని వదిలేశారో!

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఇరుకైపోయిన మైట్రల్ కవాటంలోంచి అంత రక్తం దిగలేక, వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. నెలలు నిండేకొద్దీ రాత్రి లేచి కూర్చుంటే గాని నాకు ఊపిరాడేది కాదు. "కడుపుతోటి ఆయాసం మామూలే" అన్నారు. పాప చేసిందల్లా పెరగడం. కడుపులో ఉన్న ఏ బిడ్డయినా చేసే పని అది. అందులో పాపమూ లేదు, పుణ్యమూ లేదు.

బెలూన్‌తో తెరిచే వీలు లేనంతగా కవాటం పాడైందన్నారు. పురుటి పచ్చి ఆరకముందే కవాటం మార్చే ఆపరేషన్. రొమ్ము ఎముక కోసి, స్టీలు తీగలతో మళ్లీ కట్టారు. అది అతుక్కునేదాకా బరువెత్తొద్దన్నారు. బరువంటే బిందె, బియ్యపు సంచి అనుకున్నాను. పాప కూడా అందులోకే వస్తుందని ఇంటికొచ్చాక తెలిసింది.

ఇప్పుడు పాలివ్వడం ఇలా సాగుతోంది. నేను వీపుకు దిళ్లు పెట్టుకుని ఒరుగుతాను. కుట్ల మీద మెత్తటి పాతచీర ముక్క మడిచి వేసుకుంటాను. అమ్మ పాపను దిండుతో సహా తెచ్చి నా పక్కన సర్దుతుంది. పాలు తాగుతూ పాప కాళ్లాడిస్తుంది, ఆడిస్తే సరిగ్గా కుట్ల మీదే తగులుతుంది. అందుకని ఆ రెండు పాదాలనూ అమ్మ తన అరచేతిలో ఇముడ్చుకుని, తాగడం అయ్యేదాకా కదలకుండా కూర్చుంటుంది. ఆ పాదాలనే కదా మంచివనీ చెడ్డవనీ అన్నారు. నాకు అవి ఎర్రగా, వెచ్చగా, అమ్మ పిడికిట్లో గింజుకుంటూ కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ పాలల్లోకి దాదాపుగా పోదనీ, పాలు నిక్షేపంగా ఇవ్వొచ్చనీ డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెబితే గాని మా ఇంట్లో నమ్మలేదు.

మా పాప నాకు రుణపడి పెరగకూడదు, నేనూ దానికి రుణపడి బతకకూడదు. నా గుండెలో టిక్కుటిక్కుమంటున్నది చిత్ర కవాటం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం దీని కోసం ఏళ్లపాటు కష్టపడింది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది నిలిచింది, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. అది ఎవరెవరి గుండెల్లోకి వెళుతుందో వాళ్లకు తెలియదు. మా ఊరు మడికొండలో కూడా అలా ఇచ్చినాయన ఒకరున్నారు. అది కవి కాళోజీ పెరిగిన ఊరు. 2002 నవంబరులో ఆయన పోయాక దేహాన్ని వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. దాని మీద ఎవరు చదువుకుంటారో, ఆ చదువుతో ఎవరు బాగుపడతారో ఆయనకూ తెలియదు. అలా ఇచ్చిన చోట తీసుకున్నవాళ్ల పేరు రాసుకునే పద్దు ఉండదు. నేను బతికింది అలాంటి ఇవ్వడాల వల్ల. బిడ్డను పెంచడం కూడా అలాగే చెయ్యాలని ఉంది.

అందుకే పేరు పెట్టేటప్పుడు మా మేనత్త "సంజీవని" అంటే వద్దన్నాను. పిలిచిన ప్రతిసారీ నా ప్రాణం బాకీని గుర్తుచేసే పేరు దానికెందుకు? నేను గట్టెక్కితే పాప పుట్టువెంట్రుకలిస్తానని మా అత్తమ్మ మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామికి మొక్కుకుంది. "నా పానానికి మొక్కు గదా అత్తమ్మా, నా జుట్టే ఇస్తా" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే. ఇద్దరం ఎక్కుదాం గుట్ట. నీకు దమ్ము రాకుంట మెల్లగ" అంది.

ఇంకో కాన్పుకు కొడుకు పుడతాడని ధైర్యం చెప్పేవాళ్లూ ఉన్నారు. వార్ఫరిన్ పిండానికి హాని చేస్తుంది, మానేస్తే లోహపు కవాటం మీద రక్తం గడ్డకడుతుంది. నేనూ, మా ఆయనా ఇక వద్దనుకున్నాం.

నిన్న సాయంత్రం వెనకింటి పిల్లాడు కుంటుతూ వచ్చాడు. నెల కింద గొంతునొప్పి, ఇప్పుడు జ్వరం, మోకాలు వాచింది. వాళ్లమ్మ నూనె కాచి పెట్టిందట. నూనె పక్కన పెట్టమని చెప్పాను. రేపు పొద్దున డాక్టరు వాడి గుండె మీద స్టెతస్కోపు పెట్టి వినేదాకా, ఎకో తీయించేదాకా నేనూ వాళ్లతో ఉంటాను.