నదికి ఎదురుగా ఒక బెంచీ

లండన్ శివారు రిచ్‌మండ్‌లో, థేమ్స్ ఒడ్డున, బెంచీ మీద వర్జీనియా వూల్ఫ్ కంచు విగ్రహం ఉంది. 2022 నవంబరులో పెట్టారు. ఆమె 1941లో ఊజ్ నదిలో ప్రాణం తీసుకుంది. అలాంటి మనిషిని నీళ్లకెదురుగా కూర్చోబెడతారా అని కొందరు అభ్యంతరం చెప్పారు.

దాన్ని కొట్టిపారేయలేను. అదే బాధ మోస్తున్నవాళ్లూ ఆ దారిన నడుస్తారు కదా. కానీ ఆమె ఏళ్ల తరబడి బతికిన ఊరది. 1917లో భర్తతో కలిసి హోగార్త్ ప్రెస్ పెట్టింది అక్కడే. నది కనబడగానే చావే గుర్తురావాలంటే, ఆ పనంతా ఏమైనట్టు?

విజయనగరంలో గురజాడ ఇల్లు చూసినప్పుడు నాకు పూర్ణమ్మ గుర్తొస్తుంది, ఆమెతో పాటే కొలను. కన్యాశుల్కం ఎంత ఘోరమో చెప్పడానికి కవి ఆమెకా ముగింపు ఇచ్చాడు. అక్కడ ముగింపే అర్థం. వూల్ఫ్ ఎవరి పద్యంలోనూ పాత్ర కాదు; పాత్రల్ని పుట్టించిన మనిషి. రచయిత్రుల్ని కూడా మనం పూర్ణమ్మలా చదివేస్తుంటాం, చివరి పేజీ నుంచి వెనక్కి.

ఆ బెంచీ మీద పక్కన చోటుంది. దండ వెయ్యక్కర్లేదు, కూర్చుంటే చాలు. ఎలా పోయిందో దాచకుండా, ఏం రాసిందో ముందు అడగడం: నా లెక్కలో గౌరవమంటే అదే.