లోపలికి కారే చోటు

డీజిల్ ఇంజన్ అడిగేది చాలా తక్కువ. గాలి కావాలి, ఆ గాలిని గట్టిగా నొక్కాలి, నొక్కిన క్షణంలో డీజిల్ సన్నటి తుంపరగా పడాలి. స్పార్క్ ప్లగ్గు లేదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజన్‌దీ ఇదే సూత్రం: నొక్కిన గాలి తన వేడితోనే డీజిల్‌ని అంటిస్తుంది. అడిగేవి తక్కువ కాబట్టి, బండి మొరాయించినప్పుడు మనం వేసుకోవాల్సిన ప్రశ్నలూ తక్కువే. ఆ కొద్దివీ కూడా వరసగా వేసుకోం. ఎదురుగా కనిపించే పెద్ద సామాను మీద నేరం మోపేస్తాం.

మాది బెజవాడ గవర్నర్‌పేట. మా బావకి ఉయ్యూరు పక్కన సేద్యం. పెద్ద ట్రాక్టర్లు తిరగలేని చిన్న చెక్కల్లో దమ్ముకీ, చెరుకు సాళ్ల మధ్య దున్నడానికీ ఒక చిన్న బండి పెట్టుకున్నాడు. కాలవకి నీళ్లొదిలాక, నారు ముదురుతున్న రోజుల్లో ఫోన్ చేశాడు.

"స్టార్టవుతుందయ్యా. కాసేపు బానే ఆడుతుంది, తర్వాత గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. డీజిల్ పంపు పోయింది. రేపు ఊడదీసి ఆటోనగర్ తీసుకొస్తా."

"పంపు జోలికి పోకు బావా. నేనొచ్చి చూస్తా."

ఆయన తొందర నాకు తెలుసు. వంతు నీళ్లు ఎవరి కోసమూ ఆగవు. కానీ పంపు విప్పడమంటే మాటలు కాదు. బెంగళూరులో మైకో కంపెనీ వాళ్లు వీటి తయారీ మొదలెట్టినప్పటి నుంచీ మన మెకానిక్కులు భయభక్తులతో చూసే వస్తువది. లోపలి ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. పెరట్లో దుమ్ములో విప్పితే, బాగున్న పంపు పాడైన పంపవుతుంది.

ముందు ట్యాంకు మూత వదులు చేశాం. మూతలో గాలి పోయే బెజ్జం పూడుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకు బిగుసుకుంటుంది, ఇంజన్ ఇలాగే ఆగుతుంది. అది కాదు. తర్వాత ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదిలి, చేతి పంపు కొట్టాం. డీజిల్ నురగ నురగగా వచ్చింది. కొడుతూ పోతే బుడగలు సన్నబడి, చివరికి తేటగా కారింది. స్క్రూ బిగిస్తే బండి చక్కగా ఆడింది. కాసేపటికి మళ్లీ ఆగింది. అంటే ఉన్న గాలి పోయింది, కొత్త గాలి ఎక్కడి నుంచో వస్తోంది.

ఎక్కడా చుక్క కారడం లేదు. బావ అనుమానమంతా పంపు మీదికి పోయింది అందుకే. ఈ బండిలో ట్యాంకు పంపు కంటే పల్లంలో ఉంది. పంపు డీజిల్‌ని లాక్కుంటుంది. లాగే వైపు పైపులో బయటి గాలి కంటే ఒత్తిడి తక్కువ కాబట్టి, అక్కడ చీలిక పడితే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. తోసే వైపు కారితే మసి పట్టి, తడిసి, వాసనొచ్చి తనే చెబుతుంది. లాగే వైపు చీలిక పొడిగా, శుభ్రంగా ఉంటుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ తేడాయే. కుటుంబాల్లో, సహకార సంఘాల్లో కూడా గొడవపడే మనిషిని పట్టుకుంటాం. ఏ మరకా లేకుండా లోపలికి గాలి తెచ్చే చోటు మన లెక్కలోకి రాదు.

ఈ పొరపాటు తర్కశాస్త్రానికి పాతదే. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తేల్చుకోవడం అందులో పేరుపొందిన ఉదాహరణ. తార్కికులు వెంటనే హెచ్చరిస్తారు: నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందనడం చెల్లదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పంపు పోతే బండి ఆగుతుందన్నది నిజమే. బండి ఆగింది కాబట్టి పంపు పోయిందనడం ఆ తిరగేసిన మాటే. మంచి మెకానిక్ సైలెన్సర్ దగ్గర నిలబడి ఈ తర్కమే చేస్తాడు. నల్లపొగైతే గాలి చాలడం లేదు లేదా డీజిల్ ఎక్కువైంది, నీలమైతే ఇంజన్ ఆయిల్ మండుతోంది, తెల్లపొగైతే డీజిల్ మండకుండా వస్తోంది లేదా నీళ్లు కలిశాయి. తేల్చుకున్నాకే స్పానర్ పడతాడు.

మేనల్లుడి చేత ఒక క్యానులో డీజిల్ పోయించి, ట్యాంకు పైపు తప్పించి, పారదర్శకమైన కొత్త ట్యూబుతో ఫిల్టరుకి కలిపాం. బండి ఆగలేదు. పంపు, నాజిల్, ఫిల్టరు నిర్దోషులని తేలిపోయింది. మిగిలింది ట్యాంకు నుంచి ఫిల్టరు దాకా ఉన్న మూరెడు రబ్బరు పైపు. వంచి చూస్తే క్లిప్పు కింద రబ్బరు ఎండి బీటలు వారింది.

"క్లిప్పు బిగిస్తే చాలదా మామయ్యా?" అన్నాడు వాడు.

బిగించి చూడమన్నాను. కాసేపు ఆడి ఆగింది. కొత్త పైపు, క్లిప్పులు, రాగి వాషర్లు వేశాక మళ్లీ ఎయిర్ తీశాం. ఇంజన్ వైపు నట్లు వదిలేటప్పుడు మాత్రం వాణ్ని దూరంగా నిలబెట్టాను. నాజిల్ దగ్గర డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడితో వస్తుంది. ఈ మాట ఇంట్లో రిపేరు చేసే ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిలో డీజిల్ కొలత ఎలక్ట్రానిక్స్ చూసుకుంటాయి, లోపం వెతకాలంటే కంపెనీ పరికరం తగిలించాలి. పొగ తగ్గుతుంది, మంచిదే. చిన్న బండ్లు అప్పుడు ఆ నిబంధన కిందికి రాలేదు. రైతు పిల్లవాడు ఇంటి ముందు ఒక కారణాన్ని చివరిదాకా వెంబడించే వీలు వాటిలో ఇంకా ఉంది. ఆ వీలు పోకముందే మన పాలిటెక్నిక్‌లు తమ దగ్గరున్న పాత ఇంజన్లని తుక్కుకి అమ్మకుండా పిల్లల చేతుల్లో పెట్టాలని నా కోరిక.